ధర్మము వ్యాపారమునకు లాభమా? – పరవాడలో మేము చూచినది



మొన్న మాఘమాసమున బంధువుల యింట శుభకార్యమునకై మేము పరవాడకు పోయియుంటిమి. ఒకప్పుడా త్రోవలో తాటితోపులు, జీడిమామిడి తోటలు, వరిమళ్లు, నడుమనడుమ చెరువులు తప్ప వేరొండు కానరాకుండెడివి. నేడు క్రోసెడు దూరమునుండియే సింహాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టములును, నడుము సన్నగిలిన పెద్ద బానలవంటి చల్లార్పు బురుజులును కంటబడుచున్నవి. 2002వ సంవత్సరమున మొదటి యంత్రము తిరుగనారంభించిన యా కేంద్రము నేడు నాలుగు యంత్రములతో రెండువేల మెగావాట్ల విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నది. బొగ్గు ఒడిస్సాలోని తాల్చేరు గనులనుండి వచ్చును. యంత్రములను చల్లార్చు నీరు బంగాళాఖాతమునుండి వచ్చును. దాని కావల రెండువేల యెకరములకు మించిన నేలలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ విస్తరించియున్నది. మనము జ్వరమునకు, రక్తపుపోటునకు, చక్కెరవ్యాధికి మ్రింగు మాత్రలలోని మూలద్రవ్యములు ఇట్టి కర్మాగారములలోనే తయారగును.

ఆ యూర మేము రెండుదినము లుంటిమి. పెండ్లికి వచ్చిన ముత్తైదువలను పలుకరింపగా, సగముమంది యిండ్లలో మగవారో బిడ్డలో ఏదో యొక కంపెనీలో పనిచేయువారే. వీధులవెంట నడచుచుండగా మరియొక విషయము మమ్ము నాకర్షించినది. బడిగోడమీద, మంచినీటి తొట్టిమీద, బస్సునకు కాచుకొనువారి నీడపట్టుమీద, ఎక్కడ చూచినను ఏదో యొక కంపెనీ పేరు పెద్దయక్షరములతో వ్రాయబడియున్నది. పూర్వము గుడిమెట్లమీద దాతల పేర్లు చెక్కించినట్లే నేడు నీటితొట్లమీద రంగుతో వ్రాయుచున్నారు. మా వెంటనున్న చిన్నది, ఈ యేడే కాలేజీలో చేరినది, “పిన్నీ! వీరందరు నింత ధర్మాత్ములా? లేక దీనివలన వీరికేమైన లాభమున్నదా?” అని యడిగినది. అప్పటికి నవ్వి యూరకుంటిమి గాని, ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఇంటికి వచ్చినతరువాత తెలిసినంతవరకు ఆలోచించి ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

వర్తకుడు ధర్మము చేయుట మనకు క్రొత్తసంగతి కాదు. అమరావతి స్తూపపు పలకలమీద రెండువేల యేండ్లనాటి శాసనములలో గృహపతులును, వర్తకులును, వారి భార్యలును, కూతుండ్రును తమ దానములను చెక్కించుకొనిరి. పరవాడకు దగ్గరనే, అనకాపల్లియొద్ద శంకరము గ్రామమున బొజ్జన్నకొండమీదను, విశాఖపట్టణమున కుత్తరముగా తొట్లకొండ, బావికొండలమీదను బౌద్ధవిహారములు శిథిలములై నేటికిని నిలిచియున్నవి. భిక్షువు సేద్యము చేయడు, బేరము చేయడు. వాని పాత్రలో నెవరో యన్నము వేసినగాని విహారము నిలువదు. సముద్రమున కెదురుగా నుండు నా కొండల నెన్నుకొనుటలో, రేవులకు వచ్చిపోవు వర్తకుల యాదరము కొంత కారణమని చరిత్రకారుల యూహ.

అంత వెనుకకు పోనక్కరలేదు. బెల్లపుబజారులలోను, ధాన్యపు మండీలలోను బస్తాకింతయని ధర్మము క్రింద విడిగా తీసి చిట్టాలో వేరుపద్దు వ్రాయుట మొన్నమొన్నటివరకు వాడుకగా నుండెను. ఆ సొమ్ముతో చలివేంద్రములు పెట్టిరి, సత్రములు కట్టిరి. అందులో పుణ్యమెంతయో, లౌక్యము నంతయే. బెల్లము బండిమీద వేసికొని పదిక్రోసుల దూరమునుండి వచ్చు రైతునకు త్రాగుటకు నీరును, ఎద్దులకు గడ్డియు, రాత్రికి నీడయు దొరకు బజారేదో ఆ బజారునకే బండి తిరుగును. నీరు పోసిన సెట్టి పుణ్యముకొరకే పోసెనా, బండ్లకొరకే పోసెనా యని విడదీయుట మాకు చేతకాదు. బహుశః ఆయనకును చేతకాదేమో!

మన తెలుగువారిలో వ్యాపారమును, దేశసేవను ఒక్కచేత నడిపిన మహనీయుని తలచుకొనక ఈ ప్రసంగము సాగదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము కంపెనీని స్థాపించిరి. మొదటిదినములలో సంగీతసభలకు వచ్చినవారికి ఆ లేపనమును ఊరకయే పంచిపెట్టిరని ప్రసిద్ధి. అది దానము కాదు, ప్రకటన. ఆ భేదము నిచ్చట గుర్తింపవలయును. దానమనదగినది తరువాత వచ్చినది. అమృతాంజనము తెచ్చిన సొమ్ముతో ఆయన 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా నారంభించి, 1914లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రిక గావించిరి. 1924లో భారతి వెలసెను. 1926లో ఆంధ్రగ్రంథమాల నారంభించి మంచిగ్రంథములను సామాన్యులు కొనగల వెలకు ముద్రించి యిచ్చిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకుకూడ పోయిరి. లేపనము పచ్చనిసీసాలో నింటింటికి పోయిన త్రోవనే పత్రికయు పోయినది. పత్రిక పోయిన యింట లేపనమునకు వేరే పరిచయ మక్కరలేకపోయినది. పంతులుగారు 1938లో స్వర్గస్థులైరి. ఆ లేపనము నేటికిని బజారులో దొరకుచున్నది. నూటముప్పది యేండ్లు ఒక సరకు జనుల నమ్మకమును నిలుపుకొనుట కేవలము దాని ఘాటువలననే యైనదని మేమనుకొనము.

రెండవవారు స్త్రీలమైన మనకు మరింత ఆప్తులు. డాక్టరు కె. ఎన్. కేసరిగారు పేదపిల్లవాడుగా చెన్నపట్టణము చేరి, వైద్యము నేర్చి, కేసరికుటీరమును స్థాపించి, స్త్రీల వ్యాధులకై ‘లోధ్ర’ యను మందును చేసి యమ్మిరి. తాను పడిన పాట్లను ‘చిన్ననాటి ముచ్చట్లు’ అను పుస్తకమున వ్రాసికొనిరి. ఆయనయే 1928లో గృహలక్ష్మి మాసపత్రికను నడుప మొదలుపెట్టిరి. 1934నుండి ఏటేట నొక స్త్రీకి గృహలక్ష్మి స్వర్ణకంకణమును బహుమతిగా నిచ్చుచు వచ్చిరి. మొదటి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. చెన్నపట్టణమున తెలుగుబిడ్డలకై కేసరిగారి పేర పాఠశాలయు వెలసినది.

లోధ్రను కొనువారు స్త్రీలు. పత్రికను చదువువారు స్త్రీలు. ఆ లెక్క కేసరిగారికి తెలియదని యెవరనగలరు? పత్రికనిండ మందు ప్రకటనలే యని యెకసక్కెము లాడినవారును ఉండకపోరు. అయినను ఆ పుటలలో తొలిసారి తన పేరు అచ్చున చూచుకొన్న యిల్లాలికి కలిగిన ధైర్యము నిజమైనది. కంకణమునందలి బంగారము నిజమైనది. ఇచ్చినవారికి లాభము వచ్చినంతమాత్రమున పుచ్చుకొన్నవారికి వచ్చినది తరిగిపోదు గదా. మా చిన్నదాని ప్రశ్నకు సగము సమాధాన మిందే యున్నదని మాకు తోచినది.

ఇచ్చట డొక్కా సీతమ్మగారి పేరు తలచువారుందురు. గోదావరిలంకలలో ఆకలితో వచ్చినవారికెల్ల వేళ చూడక, కులము నడుగక అన్నము పెట్టిన యా తల్లి (1841–1909) ఏ లాభమును కోరలేదు. నిజమే. ఆమె చేసినది దానము. కంపెనీ చేయునది మరియొకటి. కంపెనీసొమ్ము యజమాని సొంతసొమ్ము కాదు, వాటాదారులది. ఆ వాటాదారులలో ఉద్యోగము విరమించిన పంతులుగారుండవచ్చును, బిడ్డ పెండ్లికని కూడబెట్టిన విధవరాలుండవచ్చును. ఒరులసొమ్ముతో పుణ్యము కట్టుకొనుట కెవరికిని అధికారము లేదు. ఈ వాదమునే అమెరికాదేశపు అర్థశాస్త్రజ్ఞుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో గట్టిగా చెప్పెను: చట్టమునకు లోబడి, మోసము లేక లాభము గడించుటయే వ్యాపారి చేయదగిన సంఘసేవ యని ఆయన మతము. దీనిని త్రోసివేయుట సులభము కాదు. కనుక కంపెనీ యిచ్చినప్పుడు, ఆ యిచ్చుటవలన కంపెనీకే మేలు కలుగునని చూపవలసిన భారము ఇచ్చువారిమీద నున్నది.

టాటావారి మార్గము వేరు. జంషెట్‌జీ టాటాగారు 1892లోనే విద్యార్థులను విదేశములకు పంపుటకు నిధి నేర్పరచిరి. నేడు టాటా కంపెనీల కన్నిటికి తల్లియైన టాటా సన్స్ వాటాలలో సుమారు మూడింట రెండుపాళ్లు ధర్మనిధుల చేతులలోనే యున్నవి. లాభములో నా పాలు ఎవరి జేబునకును పోక ఆసుపత్రులకు, విద్యకు పోవును. జంషెడ్‌పురపు ఉక్కుకర్మాగారమున 1912లోనే ఎనిమిదిగంటల పనిదినము పెట్టిరి. చట్టము దాని నడుగుటకు చాల సంవత్సరములు పూర్వము.

ఇక చట్టమున్నది. మన దేశమున 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములో 135వ విభాగము ననుసరించి, 2014 ఏప్రిలు 1వ తేదినుండి పెద్దకంపెనీలు తమ లాభములో కొంత సంఘమునకు వెచ్చించుట విధియైనది. నికరవిలువ 500 కోట్లైనను, ఏటి వ్యాపారము 1000 కోట్లైనను, నికరలాభము 5 కోట్లైనను, ఈ మూటిలో నేదియున్నను ఆ కంపెనీ యీ చట్టమునకు లోబడును. వెనుకటి మూడేండ్ల సగటులాభములో నూటికి రెండువంతులు వెచ్చింపవలయును. మన యింటిలెక్కగా చెప్పుకొందము: ఏటికి సగటున నూరుకోట్లు లాభము వచ్చు కంపెనీ రెండుకోట్లు తీయవలయును. ఆ సొమ్ము దేనికని చట్టమే పట్టిక యిచ్చినది. ఆకలి తీర్చుట, వైద్యము, విద్య, మంచినీరు, స్త్రీలకును అనాథలకును వసతిగృహములు, వృద్ధాశ్రమములు, పర్యావరణము మొదలగునవి యందున్నవి. కంపెనీ యున్న ప్రాంతమునకు ముందు చూపవలయుననియు చట్టము చెప్పుచున్నది. తన పనివారికి మాత్రమే యుపయోగపడు ఖర్చును, రాజకీయపక్షముల కిచ్చు చందాను ఈ లెక్కలో చేర్చరాదు. మిగిలిపోయిన సొమ్మును కంపెనీ తనయొద్ద నుంచుకొనుటకు వీలులేదు. ఆదాయపు పన్ను లెక్కలో దీనిని వ్యాపారపు ఖర్చుగా తగ్గించుకొనుటకును వీలులేదు.

బలవంతపు దానము దానమా యని కొందరడుగుదురు. కాదు, కట్నముకంటె కొంచెము మేలు, పన్నుకంటె కొంచెము భిన్నము. పన్ను సర్కారు చేతికి పోవును. ఈ రెండువంతులు ఎచ్చట, దేనికి, ఎవరిచేత వెచ్చింపవలయునో నిర్ణయించుట కంపెనీ చేతిలోనే యున్నది. తెలివి చూపుటకుగాని, తెలివితక్కువతనము బయటపెట్టుకొనుటకుగాని చోటు అచ్చటనే.

పరవాడలో తెలివి యెట్లు కనబడునో చూతము. కర్మాగారమునకు కావలసినది మొదట పనివాడు. వానిని దూరదేశమునుండి తెచ్చిన వసతి చూపవలెను, పండుగకు పోయినవాడు తిరిగివచ్చునో రాడో తెలియదు. పదిమైళ్లలోని పల్లెలో చదువుకొని, పనినేర్చిన పిల్లవాడు దొరకిన నతడు నిలుకడగా నుండును. ఆ పల్లె బడిలో ప్రయోగశాల కట్టించిన కంపెనీ పదేండ్ల తరువాత తన పనివానినే తయారుచేసికొన్నది. పనివాని తల్లికి కంటిపొర తొలగించిన శిబిరము, బిడ్డకు జ్వరమువచ్చిన చూపించుకొను వైద్యశాల, ఇవి జీతపుపట్టీలో కనబడకున్నను పనిదినములలో కనబడును. ఇంట నెవరో మంచమెక్కిన మగవాడు పనికి పోలేడు. ఆడుది యసలే పోలేదు. ఈ సంగతి మనకు తెలిసినంతగా కంపెనీ మేనేజరులకు తెలియదని మా యనుమానము.

విద్యుత్కేంద్రమును నడుపు ఎన్.టి.పి.సి.వారు తమ కేంద్రముల చుట్టునున్న పల్లెల బాలికలకై 2018లో నొక కార్యక్రమము నారంభించిరి, సింహాద్రిలోను జరుగుచున్నది. పది పండ్రెండేండ్ల ఆడుబిడ్డలను వేసవిసెలవులలో నొక మాసము తమయొద్ద నుంచుకొని, చదువు, ఆరోగ్యము, ఆత్మరక్షణ, ఆటపాటలు నేర్పుదురు. ఇల్లు విడిచి మాసముదినములుండి, ధైర్యముగా నలుగురిలో మాటలాడ నేర్చి తిరిగివచ్చిన బిడ్డను చూచి తల్లి సంతోషించకుండునా? ఆ తల్లి రేపు గ్రామసభలో కూర్చుండును. పెద్దపరిశ్రమలు క్రొత్తగా పెట్టవలెనన్నను, పెంచవలెనన్నను పెక్కుసందర్భములలో ప్రజాభిప్రాయసేకరణ జరుపవలెనని 2006నాటి కేంద్రప్రభుత్వపు ఉత్తరువు. అచ్చట లేచి మాటలాడు గ్రామస్థులు కంపెనీని ఇరుగువానిగా నెరిగియున్నారా, దొరగా నెరిగియున్నారా యనునదే ముఖ్యము. త్రోవ నడ్డగించి ఒక్కదినము బండ్లు నిలిపిన కంపెనీకి కలుగు నష్టముతో చిన్నబడి నొకటి కట్టవచ్చును.

కొనువారివలన కలుగు లాభము వేరొకటి. పరవాడ మూలద్రవ్యములు సముద్రములు దాటి పోవును. పరదేశపు పెద్ద మందులకంపెనీలు నేడు సరకు శుద్ధినే కాక, పనివారి క్షేమమెట్లున్నది, మురుగునీరు ఎచ్చటికి పోవుచున్నదియని తమ పరీక్షకులను పంపి విచారించుచున్నవి. ఇచ్చట అంగడివీధిలో మొదటి వేయికంపెనీలు 2022–23 సంవత్సరమునుండి సంఘమునకు, పరిసరములకు సంబంధించిన తమ నడవడిని గూర్చి ప్రత్యేకనివేదిక నీయవలెనని సెబీ నిర్బంధించినది. ధర్మముచేయు కంపెనీలకు లాభమెక్కువా యని పండితులు చాల పరిశోధనలు చేసిరి. సగటున కొంచెము అనుకూలమైన సంబంధమే కనబడినది. కాని ధర్మమువలన లాభము వచ్చినదా, లాభమున్నవాడే ధర్మము చేసినాడా యను చిక్కు పూర్తిగా విడలేదు. మా మామగారు చెప్పునట్లు, నిండిన చెరువే అలుగు పారును.

ఇంతవరకు చెప్పినది వెలుగువైపు. ఇక నీడవైపు చెప్పకున్న ఆ పల్లెల ఆడువారికి ద్రోహము చేసినవార మగుదుము.

2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణమున ఆర్.ఆర్. వేంకటాపురమునొద్ద ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రలోనున్న పల్లెను క్రమ్మినది. పండ్రెండుగురు మరణించిరి. మరునాడే జాతీయ హరితన్యాయసభ ఆ కంపెనీని 50 కోట్ల రూపాయలు ముందుగా కట్టవలసినదని యాజ్ఞాపించెను. రాష్ట్రప్రభుత్వము మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పున నిచ్చెను. ఆ కర్మాగారము మూతపడెను. రెండునెలలైనను కాకమునుపే, జూన్ 29వ తేది రాత్రి, పరవాడ ఫార్మాసిటీలో నొక కర్మాగారమున విషవాయువు వెలువడి ఇద్దరు పనివారు చనిపోయిరి. 2022 డిసెంబరు 26న పరవాడలోనే మరియొక కర్మాగారమున నగ్నిప్రమాదమున నలుగురు, 2024 ఆగస్టు 21న పొరుగుననున్న అచ్యుతాపురమున పేలుడువలన పదునేడుగురు ప్రాణములు కోల్పోయిరి. వారి భార్యలు మనవలెనే ప్రొద్దున సద్ది కట్టి పంపినవారు.

ఏబదికోట్లు! ఏటికి రెండుకోట్లు ధర్మమునకు తీయు కంపెనీకి అది యిరువదియైదేండ్ల ధర్మపుపద్దు; ఒక్క తెల్లవారుజామున పోయినది. నీటితొట్టి కట్టించుట సులభము. దానికి ఫొటో తీయవచ్చును, పూలదండ వేయవచ్చును. తుప్పుపట్టిన గొట్టము మార్చిన ఫొటో తీయువారు లేరు. అందుచేతనే కాబోలు, మొదటిది త్వరగాను రెండవది ఆలస్యముగాను జరుగుచుండును. చట్టపు రెండువంతులును కర్మాగారపు క్షేమమును ఒకదానికొకటి మారు కావు. తన పొయ్యి మండించుటలో పొరుగింటి కప్పు కాలకుండ చూచుకొనుట ధర్మము కాదు, ఇల్లు కట్టుకొన్నవాని మొదటి పని. అది చేసినవాడు తరువాత చలివేంద్రము పెట్టిన జనులు నమ్ముదురు.

ఫార్మాసిటీ నానుకొనియున్న తాడి గ్రామస్థులు గాలి, నీరు చెడినవనియు, తమ్ము వేరుచోటికి తరలింపవలెననియు చాల యేండ్లుగా కోరుచున్నారు. ముత్యాలమ్మపాలెము మొదలగు జాలరిపల్లెలవారు కర్మాగారముల నీరు సముద్రమున కలియుటను గూర్చి మొరపెట్టుకొనుచున్నారు. చేప దొరకని దినమున బుట్ట తలకెత్తుకొని బజారునకు పోవలసినది ఆడుది. ఆమెకు కుట్టుమిషను దానమిచ్చిన సంతోషించును గాని, కుట్టుమిషను చేప కాదు. ఈ పల్లెలతో నేడు తెగనిమాట రేపు కంపెనీ యెంత ధర్మముచేసినను తెగదు. సందేహము నీటివలె పల్లమునకే పారుచుండును.

మేము చూచిన చిన్న సంగతి యొకటి చెప్పి ముగించెదము. రెండవదినము సాయంకాలము బంధువులయింటి వెనుకవీధిలో నీళ్లు శుద్ధిచేయు యంత్రమున్న చిన్నగది యొకటి కనబడినది. గోడమీద దాతయైన కంపెనీ పేరు నీలిరంగుతో ముద్దుగా వ్రాయబడియున్నది. ఆ పేరు మేమిచ్చట చెప్పము. లోపల యంత్రము నిలిచిపోయియున్నది. కుళాయికి తుప్పు. ప్రక్కనే బిందె చంకబెట్టుకొని నిలిచిన యొక ముసలియమ్మను విచారింపగా, “ఏటి సెప్పమంటారమ్మా! కొత్తలో తియ్యటి నీళ్లొచ్చేవి. ఆ బిళ్లలేవో మార్చాలంట. మార్చీవోడు లేడు. ఇప్పుడు పేరుంది, నీళ్లు లేవు” అనినది.

కట్టించుటకు సొమ్మిచ్చినవారు ఏటేట యంత్రపు వడపోతలు మార్చుటకు ఎవరినైన నియమించలేదు. పంచాయతీకి అప్పగించిరో లేదో ఆమెకు తెలియదు. దినమునకు రెండుమారులు ఉత్తబిందెలతో ఆ గోడముందుగా నడచు నూరుమంది ఆడువారికి ఆ నీలియక్షరములు ఏమని చెప్పుచుండును? లక్షలు ఖర్చుచేసి తనమీద తానే యపవాదు వ్రాయించుకొన్న వ్యాపారిని మేము పూర్వము చూచియుండలేదు. ఆ సొమ్ములో నాలవవంతు మిగిల్చి, ఊరి స్వయంసహాయక సంఘపు స్త్రీల కప్పగించి, బిందెకు రూపాయో అర్ధరూపాయో వసూలుచేసి యంత్రమును చూచుకొనుడని చెప్పియుండిన నేటికిని నీరు వచ్చుచుండును. డ్వాక్రా సంఘముల లెక్కలు వ్రాయు మన సోదరీమణులకు ఇది యొక పనియా?

ఇంకొక మాట. కంపెనీ ఏ పనికి సొమ్ము వెచ్చింపదలచినదో తన వెబ్‌సైటులో ప్రకటింపవలయును. ఏటి నివేదికలో లెక్క చూపవలయును. కార్యాలయపు ఖర్చుల క్రింద నూటికి అయిదువంతులకు మించి వ్రాసికొనరాదు. మీ యూర కంపెనీ యున్నచో మీ యింట చదువుకొన్న బిడ్డచేత ఆ కాగితము తెరపించి చదివించుకొనుడు. మీ వీధిలోని తొట్టి అందున్నదా? ఉన్నచో ఎంత వ్రాసిరి? మా చిన్నది రైలులో వచ్చుచు తన ఫోనులో నట్టి నివేదిక యొకటి తెరచి, ‘మంచినీరు’ అను పద్దుక్రింద నున్న యంకెను చూపి, “పిన్నీ, ఆ కుళాయి దీనిలో చేరినదేనా?” అని యడిగినది. నివేదికలో వీధిపేరు లేదు.

మేము బయలుదేరు ప్రొద్దున ఆ ముసలియమ్మ మరల ఎదురైనది. షిఫ్టు బస్సు ఆడుపిల్లలను నింపుకొని ఫార్మాసిటీవైపు పోవుచున్నది. అందులో తన మనుమరాలును ఉన్నదని చేయెత్తి చూపినది. మమ్ము పత్రికలవారని యెవరో చెప్పియుందురు. “ఆ కుళాయి సంగతి రాస్తారా అమ్మా?” అనినది. వ్రాసెదమంటిమి. ఆమె బిందె చంకకెత్తుకొని ప్రక్కవీధిలోని బోరింగువైపు సాగిపోయినది.